మంచినీళ్ల బండి

బర్కాలో మధ్యాహ్నం పన్నెండున్నరకు
దాద్‌కరీం బండి ఆవిరి కక్కుకుంటూ వచ్చి
షెడ్డు ముందు కూలబడింది.
ఆరు సిలిండర్ల ముసలి డీజిలు.
వెనక ట్యాంకు నిండా మంచినీళ్లు,
ముందు రేడియేటరులో చుక్క లేదు.

గంట ఆగి బానెట్ ఎత్తాను.
కూలెంటు కారితే
మాడిన బెల్లప్పాకం వాసన రావాలి.
రాలేదు.
తడిసిన మేకుల వాసన.
సగం సంగతి అప్పుడే తెలిసిపోయింది.

మానిఫోల్డు కింద, ఇంజిను వీపుకు ఆనుకుని
చెయ్యి పట్టని చోట, చూపు పట్టని చోట
మూరెడు ఇనప గొట్టం.
అక్కడ బిగించినవాడు
మనిషికి మూడు మోచేతులుంటాయనుకున్నాడేమో.
తడుముతూ పోతే తెల్లటి పెచ్చు, పెచ్చు కింద పొక్కు.
కాస్త నొక్కాను.
నానిన అప్పడంలోకి పోయినట్టు
వేలు లోపలికి పోయింది.

రెండే బోల్టులు.
మొదటిదానికి డీజిలు పట్టించి, టీ తాగి వచ్చి
నెత్తిన సుత్తితో నాలుగు దీవెనలు పెడితే
కిర్రుమని కదిలింది.
రెండోది తల తెగి చేతికొచ్చింది.
ఇలాంటప్పుడు మా మెట్‌పల్లిలో అనే మాట ఒకటుంది,
కాగితం మీద పెట్టను.

కొత్త గొట్టం రూవీలో లేదు.
షార్జాలో చూస్తానన్నాడొకడు.
ఆ చూస్తాననడంలోనే పదిహేను రోజులున్నాయి.
అప్పటిదాకా
మేకల దొడ్లు రెండు, ఒక పెళ్లిల్లు,
ఈ బండి హారనుకే బిందెలు సర్దుకునే వీధి
ఏం తాగాలి?

స్క్రాపు కుప్ప తవ్వితే
చేపల లారీది ఒక స్టీలు పైపు బయటపడింది.
నూలు తక్కువ. ఫరవాలేదు.
సియాల్‌కోట్ ఇనాయత్ గ్యాసు వెలిగించాడు.
ఇత్తడి కడ్డీ కొస మెత్తబడి, మెరిసి
అతుకు చుట్టూ తనంతట తనే దారి వెతుక్కుంది.
ఆ కాసేపు మేమిద్దరం ఊపిరి తియ్యం,
పదేళ్లుగా ఇంతే.
మూతి చుట్టూ చిన్న గట్టు పోశాం, హోసు జారకుండా,
గాజును ఆపే మణికట్టు ఎముకలాగా.

తొట్టిలో ముంచి గాలి కొట్టాం.
బుడగ రాలేదు.
మళ్లీ కొట్టాం.
బుడగ రాకపోవడం వేరు, నమ్మకం కుదరడం వేరు.

పాత ముక్కను ఎండకెత్తి చూశాను,
ఏడు చిల్లుల్లోంచి ఏడు వెలుగులు.
చుక్కలని చెప్పను. జల్లెడ, అంతే.
"ఏ నీళ్లు పోశావిందులో?"
దాద్‌కరీం తన చెప్పుల వంక చూసుకున్నాడు.

ఇంటి బావి నీళ్లట.
మట్టి కిందనుంచి సముద్రం నడిచొచ్చి
ఆ బావిలో కాపురం పెట్టి ఎనిమిదేళ్లట.
నిమ్మచెట్లు పోయాయి.
ఖర్జూరాలు మొండికేసి నిలబడ్డాయి.

"వెనక అన్ని మంచినీళ్లు పెట్టుకుని?"
"అవి లెక్క నీళ్లు" అన్నాడు. "గ్యాలనుకింత. వాళ్లవి."

ఇంజిను కడిగాం.
మొదటిసారి ఇటుక రంగు, రెండోసారి చాయ్ రంగు,
మూడోసారి కూడా పూర్తిగా తేరుకోలేదు.
చాలన్నాను.

అప్పుడతను ఎవరూ చెప్పకుండానే
వెనక వాల్వు దగ్గరికి వెళ్లాడు.
సొంత బండి చుట్టూ దొంగలా ఒకసారి చూసి
అయిదు లీటర్ల డబ్బా నింపుకొచ్చాడు.
సగం కూలెంటు, సగం అది.
గుటక గుటకగా తాగింది బండి.
గాలి పోయేదాకా మూత తీసే ఉంచి
ఇంజిను ఆడిస్తూ కూర్చున్నాం.
ముల్లు మధ్యకు వచ్చి, అక్కడే ఆగింది.

"ఎన్నాళ్లొస్తుంది?"
"నువ్వు పోసేదాన్ని బట్టి."

డబ్బులిచ్చాక సీటు కిందనుంచి
నూనె మరకల పుస్తకం తీసి ఏదో రాసుకున్నాడు.
వాళ్ల అంకెలు నాకొచ్చు: అయిదు.
కొన్నవాళ్ల పేరుండే చోట ఒకే మాట.
ముల్కియాలు చూసీ చూసీ
అరబీలో నేను చదవగలిగింది ఆ ఒక్కటే,
సయ్యారా.